రెండో ఓకే

రఘునాథ్ గారు పాటను మళ్ళీ వెనక్కి పంపారు.

ఈసారీ ఆయన కోపగించుకోలేదు, కానీ అంతా విడమరిచి చెప్పారు. అందుకే సృజనకు భయం వేసింది. ముందు రెండుసార్లూ గొంతు కాస్త పదునుగా ఉందమ్మా, చూడండి అని మర్యాదగా రాసి ఊరుకున్న మనిషి, ఇప్పుడు మాటలు రికార్డు చేసి ఫోనుకు పంపారు. స్టీలు పళ్ళెం మీద మేకుతో గీస్తున్నట్టు ఉందట. ఆయన భార్య వంటింట్లోంచి వచ్చి, పుణ్యముంటుంది, ఆ పాట కట్టేయమందట. పాడిన పిల్ల గొంతే అలాంటిదేమో, వేరే అమ్మాయి చేత పాడించాలేమో అని కూడా ఆలోచిస్తున్నారట. చివర్లో ఒక్క క్షణం ఆగి, "మీ స్టూడియో వదిలి ఇంకోచోటికి వెళ్ళే ఉద్దేశం నాకు లేదమ్మా. మీరే నన్ను పంపించేలా ఉన్నారు" అన్నారు.

సృజన హెడ్‌ఫోన్లు సర్దుకుని పాటను మళ్ళీ మొదటి నుంచి విన్నది. ఆమె చెవికి అందులో ఏ గీతా లేదు. ముద్దపప్పులో నెయ్యి కలిసినట్టు యామిని గొంతు వీణ మీద ఒదిగి కూర్చుంది. ఇంకా చెప్పాలంటే కొంచెం మసకగానే ఉంది, ఇంకాస్త మెరుపు పెట్టొచ్చు అనిపించింది.

రఘునాథ్ గారు ఒక వెబ్ సిరీస్‌కు సంగీతం చేస్తున్నారు. అందులో మొదటి పాట ఈ జోలపాట. పాటలన్నీ రికార్డు చేసి, గొంతునూ వాయిద్యాలనూ తగుపాళ్ళలో కలిపే పని ఎరిక్ గారి స్టూడియోకు వచ్చింది. ఎరిక్ గారు ఆ మొత్తం పనినీ సృజన చేతిలో పెట్టారు. సిరీస్ చివర పేర్లు పడేటప్పుడు 'మిక్సింగ్: సృజన' అని పడుతుంది. స్టూడియోలో చేరినప్పటి నుంచి ఆమె చేసిన పాటలు ఎన్నో బయటికి పోయాయి కానీ, ఆమె పేరు మాత్రం ఏ పాటతోనూ పోలేదు. ఇప్పుడు ఈ జోలపాట ఒడ్డున పడకపోతే పేరు సంగతి దేవుడెరుగు, ఆ కుర్చీలో కూర్చునే యోగ్యత తనకు ఉందా అన్న ప్రశ్న వస్తుంది.

ఆమె అల్వాల్‌లో పెళ్ళి బ్యాండులో డ్రమ్ము కొట్టే బిక్షం కూతురు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదువుతూ, పాత ల్యాప్‌టాప్ మీద పాటలు కలపడం తనకు తానే నేర్చుకుంది. ఆమె చేసే పని ఏమిటో ఇంట్లో ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. తల్లి బస్తీలో అందరికీ 'మా బిడ్డ కంప్యూటర్ పని చేస్తది' అని చెప్పుకునేది. సృజన కూడా దాన్ని సరిదిద్దలేదు. పద్మారావు నగర్‌లో స్టూడియోకు దగ్గరగా ఒక గది తీసుకుని ఉంటూ ఆదివారాలు ఇంటికి పోయి వచ్చేది. పొద్దంతా ఎవరెవరి గొంతుల్లోనో గడుపుతుంది కానీ, తన గొంతు విప్పే పని పెద్దగా పడదు. కొన్ని రోజులు చాయ్ చెప్పడానికి తప్ప నోరు తెరిచేదే కాదు.

యామిని గొంతుకు ఆమె పెట్టింది సాచురేషన్ అనే ఎఫెక్టు. అదేమిటని అడిగినవాళ్ళకు సృజన ఉప్మా రవ్వతో పోల్చి చెప్పేది. కంప్యూటర్లోకి ఎక్కిన గొంతు పచ్చి రవ్వ లాంటిది. తెల్లగా, శుభ్రంగా ఉంటుంది కానీ వాసన ఉండదు. తెర మీద డ్రైవ్ అనే నాబ్ ఉంటుంది. దాన్ని కొంచెం తిప్పి సెగ తగిలిస్తే, గొంతులో ఉన్న స్వరాల పైన లేని స్వరాలు సన్నగా పుట్టుకొచ్చి దానికి తోడు నిలుస్తాయి. గొంతు కమ్మగా వేగుతుంది. ఇంకా తిప్పితే మాడుతుంది. ఆ మాడటాన్ని డిస్టార్షన్ అంటారు. గిటారుకైతే మాడు కూడా ఒక రుచే. తల్లి బిడ్డను నిద్రపుచ్చే పాటకు అది పనికిరాదు. కమ్మదనానికీ మాడుకూ మధ్య సన్నటి గీత ఉంటుంది, దాన్ని చెవి ఒక్కటే పట్టుకోగలదు.

అలాగని ఒక్క చెవిని నమ్మే అలవాటు ఆ స్టూడియోలో లేదు. ఎరిక్ గారిది లాలాగూడ. చిన్నతనం రైల్వే క్వార్టర్స్‌లో గడిచింది, వయసంతా సికింద్రాబాద్ క్లబ్బుల్లో గిటారు వాయిస్తూ గడిచింది. స్టూడియో పెట్టిన నాటి నుంచి ఆయనది ఒకటే నియమం. పాట కలిపిన మనిషి ముందుగా ఓకే అనాలి. తర్వాత రెండో కుర్చీలో ఇంకొకరు కూర్చుని, కళ్ళు మూసుకుని విని, రెండో ఓకే అనాలి. రెండో ఓకే లేనిదే పాట మెట్లు దిగకూడదు. సృజన ఓకే అన్న ప్రతి పాటకూ ఎరిక్ గారు రెండో ఓకే అన్నారు. ఈ జోలపాటకు కూడా అన్నారు, అదీ మూడుసార్లూ.

సార్ ఓకే అన్నాక తప్పు పాటలో ఎలా ఉంటుంది? తప్పు స్పీకర్లలో ఉండి ఉండాలి. సృజన అలా అనుకోవడానికి కారణం ఉంది. ఏడాదిగా ఆ స్పీకర్ల మీద ఆమెకు అనుమానం. పాటలన్నీ పైన దుప్పటి కప్పినట్టు వినిపిస్తున్నాయి. అందుకే ప్రతి పాటకూ డ్రైవ్ నాబ్ ఇంకొంచెం, ఇంకొంచెం తిప్పుతూ వచ్చింది. హెడ్‌ఫోన్లు మార్చి కొత్తవి కొంటే అవీ అంతే. డూప్లికేటు అంటగట్టారని ఆ షాపువాణ్ణి మనసులో తిట్టుకుంది.

ఆ మధ్యాహ్నం స్పీకర్ల సంగతి తేల్చాలని కూర్చుంది. సాఫ్ట్‌వేర్లో ఒకే స్వరాన్ని కూతలా పుట్టించే సాధనం ఉంటుంది. కింది నుంచి పైకి ఆ స్వరాన్ని జరుపుకుంటూ పోతే స్పీకరు ఎక్కడ పలకడం లేదో తెలుస్తుంది. మొదట తుమ్మెద ఝుంకారంలా మొదలై, తర్వాత శంఖంలా, తర్వాత ఈలలా సాగింది. ఈల సన్నబడి, సన్నబడి, ఒకచోట ఆగిపోయింది. తెర మీద మీటరు మాత్రం నిండుగా, పచ్చగా వెలుగుతూనే ఉంది. సృజన వాల్యూమ్ పెంచింది. నిశ్శబ్దం. ఇంకా పెంచింది. అనుకున్నట్టే అయింది, పైన ఉండే చిన్న స్పీకరు కాలిపోయింది అనుకుని ఊపిరి పీల్చుకుంది.

అప్పుడే తలుపు తోసుకుని యామిని వచ్చింది. వచ్చినది వచ్చినట్టే రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"అక్కా, ఆపండి. ఆపండక్కా."

సృజన కంగారుగా బటన్ నొక్కింది. గదిలో ఆమెకు ఏమీ మారలేదు. యామిని మాత్రం చేతులు దించి, కుర్చీలో కూలబడి నవ్వింది.

"ఏంటక్కా అది? చెవులు చిల్లులు పడిపోయాయి."

"నీకు ఇనపడ్డదా?"

"నాకేంటి, కింద పళ్ళ డాక్టరు గారి దగ్గర మత్తులో ఉన్నోళ్ళకి కూడా వినపడుంటది."

యామినిది కాకినాడ. బేగంపేటలో ఒక ఆఫీసులో ఉద్యోగం చేస్తూ, అవకాశం వచ్చినప్పుడు పాడుతుంది. ఆ రోజు ఒక పూట సెలవు పెట్టి మెట్రో ఎక్కి వచ్చింది. రఘునాథ్ గారు ఆమెకూ ఫోన్ చేసి గొంతు సంగతి చెప్పారట. అవసరమైతే మళ్ళీ పాడతానని, ఎన్నిసార్లైనా పాడతానని, తన గొంతులోనే ఏదో లోపముంటే దాచకుండా చెప్పమని సృజనను అడిగింది. నవ్వుతూనే అడిగింది కానీ, చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

సృజన మాట తప్పించింది. స్పీకర్లు పరీక్ష చేస్తున్నానని, కొంచెం సాయం పట్టమని అంది. స్వరం మళ్ళీ మొదలుపెడతాను, ఎక్కడ ఆగిపోతే అక్కడ చెప్పమంది. ఈసారి చప్పుడు బాగా తగ్గించి, స్వరాన్ని మెల్లగా పైకి జరిపింది. ఈల వచ్చింది. ఈల సన్నబడింది. సృజనకు ఆగిపోయింది.

"ఉందక్కా" అంది యామిని.

సృజన ఇంకా పైకి జరిపింది.

"ఉంది."

ఇంకా పైకి.

"ఉంది, సన్నగా. దోమ చెవి దగ్గరకొచ్చినట్టు. ఇంకా ఉంది."

యామిని తల ఆడిస్తూ కూర్చుంది, ఎదురుగా తెర మీద పచ్చటి మీటరు కదలకుండా నిలబడింది. ఆ ఇద్దరి మధ్య గదిలో ఏదో మోగుతూ ఉంది. సృజన దాన్ని వెతుకుతున్నట్టు తల ఇటు తిప్పింది, అటు తిప్పింది. తర్వాత ఆపేసి, "స్పీకర్లు మంచిగనే ఉన్నయ్" అంది. గొంతు కూడా మంచిగనే ఉంది, మళ్ళీ పాడే పని లేదు, నువ్వు ఆఫీసుకు పో అని పంపించింది.

ఒక్కతే కూర్చున్నాక ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. కింద పళ్ళ డాక్టరు దగ్గర డ్రిల్లు కీచుమని మోగితే మొదట్లో రికార్డింగు ఆపుకునేవాళ్ళు. ఈ మధ్య ఆ బెడద లేదు, కొత్త మిషన్ తెచ్చుకున్నాడేమో, మంచి మనిషి అనుకుంది. స్కూటీకి ఇండికేటర్ వేస్తే పిట్టలా కూసేది. ఇప్పుడు అది కూయడం మానేసింది, చెడిపోయిందనుకుంది. ఆ ఇండికేటర్ వెలుగుతూనే పోతుంటే సిగ్నళ్ళ దగ్గర ఎవరో ఒకరు చెయ్యి ఊపి అరిచేవారు. ఫోన్లో అవతలివాళ్ళ మాటల్లో సగం అక్షరాలు రాలిపోతుంటే నెట్‌వర్క్‌ను తిట్టింది. లోకంలో ఒక్కొక్క వస్తువూ చెడిపోతూ వచ్చిందనుకుంది. చెడిపోయింది ఒక్కటే, అది తనతోనే అన్నిచోట్లకూ తిరుగుతోంది.

మర్నాడు చెవి డాక్టరు దగ్గరకు పోయింది. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడ్డప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. మొదట చకచకా నొక్కింది. తర్వాత ఎంతసేపు చూసినా నొక్కే అవసరం రాలేదు. అద్దం అవతల ఉన్న అమ్మాయి తన మిషన్ మీద వేళ్ళు కదుపుతూనే ఉంది. చివరికి సృజన వినపడకపోయినా ఒకసారి నొక్కింది. అవతలి అమ్మాయి తలెత్తి చూసి, మళ్ళీ తల దించుకుంది. పరీక్షలో కాపీ కొడుతూ దొరికినట్టు సృజనకు సిగ్గేసింది.

డాక్టరమ్మ మంచి మనిషి. తొందరపడకుండా చెప్పింది. కింది స్వరాలు బాగానే ఉన్నాయి, పైవి పోయాయి. మందులతో తిరిగి రావు. ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగింది. రేకుల ఇంట్లో నాన్న డ్రమ్ము సాధన చేస్తుంటే పక్కన కూర్చుని పెరిగానని సృజన చెప్పింది. అది కావచ్చు, హెడ్‌ఫోన్లు కావచ్చు, పుట్టుకతో వచ్చే గుణం కావచ్చు, ఇదీ అని చెప్పలేమంది డాక్టరమ్మ. ఏం పని చేస్తారు అని అడిగింది.

"కంప్యూటర్ పని" అంది సృజన.

అలాగైతే ఇబ్బంది లేదులే అని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది.

ఆదివారం అల్వాల్ పోయింది. ఎవరో ఒకరికి చెప్పుకోకపోతే గుండె ఆగేలా లేదు. తల్లి పక్కింట్లో పసుపు కొట్టే పనికి పోయింది. బిక్షం అరుగు మీద కూర్చుని డ్రమ్ముకు తాడు బిగిస్తున్నాడు. ఆయన చెవులు ఎప్పుడో మందగించాయి. ఆ ఇంట్లో అందరూ మొదటి నుంచీ గట్టిగానే మాట్లాడతారు, కొత్తగా వచ్చినవాళ్ళు కొట్లాట అనుకుంటారు. సృజన తండ్రి పక్కన కూర్చుని, తలుపు వైపు ఒకసారి చూసి, నెమ్మదిగా చెప్పింది.

"నాయినా, నాకు చెవులు సరిగ ఇనపడ్తలెవ్వు."

"ఆఁ?"

"చెవులు. నా చెవులు."

"చెవులకేమైంది? కమ్మలు పోగొట్టుకున్నవా?"

"కమ్మలు కాదు నాయినా. ఇనపడ్తలేదు."

"గట్టిగ చెప్పు బిడ్డా. మన ఇండ్ల ఎవలు గిట్ల గుసగుస మాట్లాడుతరు?"

ఆయనకు వినపడేలా చెప్పాలంటే వీధంతా వినాలి. నల్లా దగ్గర నలుగురు ఆడవాళ్ళు ఇటే చూస్తున్నారు. బిక్షం బిడ్డ డిగ్రీ చదివింది, చెవులు పోయినయట అనే మాట సాయంత్రానికల్లా బస్తీ చుట్టి వస్తుంది. సృజన నోరు తెరిచి, మూసుకుని, "ఏం లేదు, అన్నం తిన్నవా అంటున్న" అని గట్టిగా అంది.

"తిన్న, తిన్న" అన్నాడు బిక్షం తృప్తిగా. కొంతసేపు తాడు బిగించి, మళ్ళీ ఆమె ముఖంలోకి చూసి, ఆఫీసులో ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగాడు. ఎవరూ ఏమీ అనలేదని ఆమె తల అడ్డంగా ఊపింది. అయితే సరే అని ఆయన పనిలో పడ్డాడు. తల్లి వచ్చేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

సోమవారం పొద్దున ఎరిక్ గారు వచ్చేసరికి సృజన పాట ముందు కూర్చుని ఉంది. చెవిని నమ్మకుండా తెర మీద గీతలను చూసుకుంటూ డ్రైవ్ నాబ్‌ను వెనక్కి తిప్పింది. శబ్దంలో పై స్వరాలు ఎంత ఎత్తు లేస్తున్నాయో గీతలు చూపిస్తాయి. వేరే మంచి పాటల్లో ఎంత ఉందో చూసి అంతకు దించింది. ఆమె చెవికి మాత్రం యామిని గొంతు చల్లారిపోయి, పొయ్యి మీదికి ఎక్కని పచ్చి రవ్వలా ఉంది. ఇది బాగుందో లేదో చెప్పే దారి ఆమెకు లేదు.

ఎరిక్ గారు రెండో కుర్చీ లాక్కుని, కళ్ళు మూసుకుని విన్నారు.

"ఓకే, బేటా. పంపెయ్."

"ఇదివరకటి దానికీ దీనికీ ఏం తేడా కనిపించింది సార్?"

ఆయన కళ్ళు తెరిచి, బాగుంది, మెత్తగా ఉంది అన్నారు. సృజన, రఘునాథ్ గారు వెనక్కి పంపిన పాత పాటను పెట్టింది. ఎరిక్ గారు మళ్ళీ కళ్ళు మూసుకుని చివరిదాకా విని, ఇది కూడా ఓకే, ఏది నచ్చితే అది పంపమన్నారు.

సృజన పాట ఆపేసింది. చెవి డాక్టరు దగ్గర జరిగిందంతా ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పై స్వరాలు తనకు వినపడవనీ, ఏడాదికి పైగా వినపడటం లేదనుకుంటున్నాననీ చెప్పింది.  ఎరిక్ గారు గోడకు వేలాడుతున్న తన పాత గిటారు వైపు చూస్తూ కూర్చున్నారు.

"మరి ఏడాది సంది మన పాటలకు ఓకే ఎవరు చెప్పినట్టు?" అన్నారు చివరికి.

"మీరు చెప్పిండ్రు కద సార్."

"నువ్వు చెప్పినవని నేను చెప్పిన."

సృజనకు వెంటనే అర్థం కాలేదు. ఎరిక్ గారే మెల్లగా విడమరిచి చెప్పారు.

"నా చెవులు ఎప్పుడో ఖతం బేటా. క్లబ్బుల ఆంప్లిఫయర్ ముంగట నిలబడి, నిలబడి. పైన ఏమున్నదో నాకు ఏండ్ల సంది తెల్వది. అందుకే కదా నిన్ను పెట్టుకున్నది. చిన్న పిల్ల, మంచి చెవులుంటయ్ అని."

"మీరెన్నడు చెప్పలే సార్."

"స్టూడియో నడిపేటోడు చెవులు లెవ్వని బోర్డు పెట్టుకుంటడా?"

అని ఆయన నవ్వారు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఒకరి మీద ఒకరు భారం వేసి, ఇద్దరూ కళ్ళు మూసుకుని విన్న పాటలు ఎన్ని ఆ మెట్లు దిగిపోయాయో ఇద్దరికీ ఒకేసారి గుర్తుకొచ్చి ఉంటుంది. ఆ పాటలు ఎవరెవరి ఇళ్ళలో, ఆటోల్లో, ఫంక్షన్ హాళ్ళలో గీసుకుంటూ మోగాయో. సార్ మాటను కాదనకూడదని ఆమె, పిల్ల చెవులకు తిరుగులేదని ఆయన. కుర్చీలు రెండున్నాయి కానీ ఆ ఏడాదంతా వాటిలో కూర్చుని విన్నవాళ్ళు ఎవరూ లేరు.

ఎరిక్ గారే ముందు తేరుకున్నారు. కొత్తగా చేసిన పాట పంపేయమన్నారు. ఇకమీద తెర చూసి పని చేద్దామన్నారు, సగం దునియా తెర చూసే చేస్తోందన్నారు. రఘునాథ్‌కు ఈ సంగతులు ఎందుకు, అడిగితే స్పీకర్లు ఖరాబైతే మార్చామని చెబుదామన్నారు. అంతా ఆమె కోసమే అన్నారు, నిజంగానే ఆమె కోసమే అన్నారు. పేరు పడబోతున్నది ఆమెది.

సృజనకు ఆ దారి చాలా సుళువుగా కనిపించింది. అలా చేస్తే ఎవరికీ తెలియదు. తెర చూసి చేసిన పాట కుదిరితే కుదురుతుంది. కుదరకపోతే? రఘునాథ్ గారు తప్పు స్టూడియోది అనుకోరు, యామిని గొంతుది అనుకుంటారు. ఇప్పటికే సగం అనుకున్నారు. వేలికి చేతిసంచి పట్టీ చుట్టుకుంటూ, లోపముంటే దాచకుండా చెప్పమని అడిగిన పిల్లకు అడ్డం తిప్పి జవాబు చెప్పి పంపింది తాను. 

"నేనే ఫోన్ చేసి చెప్తా సార్" అంది.

"చెప్తే సిరీస్ పోతది, సృజనా."

"యామిని గొంతు పోతది సార్, చెప్పకపోతే."

ఎరిక్ గారు ఇక అడ్డు చెప్పలేదు. ఆమె ఫోన్ చేస్తుంటే లేచి కిటికీ దగ్గరకు పోయి వీపు తిప్పి నిలబడ్డారు.

రఘునాథ్ గారు ఆమె చెప్పిందంతా మధ్యలో ఒక్క మాటా ఆడకుండా విన్నారు. లైన్ తెగిపోయిందేమోనని ఆమె రెండుసార్లు హలో అనాల్సి వచ్చింది. తర్వాత ఆయన గొంతు మెత్తబడింది. చిన్న వయసులో ఎంత కష్టమమ్మా అన్నారు, తనకు తెలిసిన డాక్టరు ఒకాయన ఉన్నారన్నారు. పాడిన అమ్మాయి మీద ఊరికే అనుమానపడ్డానని నొచ్చుకున్నారు. ఆమె అసలు గొంతు ఎలా ఉండాలో ఆమెనే దగ్గర కూర్చోబెట్టుకుని ఈ పాట పూర్తి చేయమన్నారు. ఆ తర్వాత కొంచెం తటపటాయించి, "మిగతా పాటల సంగతి... చూద్దాంలే అమ్మా" అన్నారు.

ఫోన్ పెట్టేశాక ఎరిక్ గారు ఏమన్నారని అడిగారు. చూద్దాం అన్నారని చెప్పింది.  ఆ మాటకు అర్థం ఇద్దరికీ తెలుసు.

శనివారం పగలు యామిని వచ్చింది. సృజన ఈసారి ఏదీ దాచలేదు. ఆ రోజు స్వరం ఆగిపోయింది స్పీకర్లో కాదు, తన చెవిలో అని చెప్పింది. యామిని ముఖం పాలిపోయింది. పళ్ళ డాక్టరు మాట తలుచుకుని సిగ్గుపడి, సారీ అక్కా, సారీ అక్కా అని పదేపదే అంది. అక్కడి నుంచి ఒక్కొక్క అక్షరం ఒత్తి పలుకుతూ, చేతులు తిప్పుతూ, అరిచి మాట్లాడటం మొదలుపెట్టింది.

"జెర నిమ్మళంగనే మాట్లాడు. గట్లైతేనే ఇనపడుతది నాకు" అంది సృజన.

యామిని నవ్వబోయి ఆపుకుని రెండో కుర్చీలో కూర్చుంది. ఎరిక్ గారు తలుపు దగ్గర స్టూలు వేసుకున్నారు. సృజన పాట మొదలుపెట్టి, డ్రైవ్ నాబ్‌ను పూర్తిగా పైకి తిప్పింది. యామిని భుజాలు బిగుసుకుని మెడలోకి పోయాయి. సృజనకు పాట హాయిగా ఉంది. ఇన్నాళ్ళూ తాను ఇష్టపడి జనం మీదికి వదిలింది ఇదన్నమాట అని ఆ భుజాల వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత నాబ్‌ను మెల్లగా వెనక్కి తిప్పసాగింది.

తెర వైపు చూడలేదు. యామిని ముఖమే చూసింది. ముందు భుజాలు దిగాయి. తర్వాత కనుబొమల మధ్య ముడి విడింది. ఇంకా వెనక్కి తిప్పితే ముఖంలో ఏమీ లేకుండా పోయింది, ఎవరి పాటో వింటున్నట్టు. సృజన మళ్ళీ పిసరంత ముందుకు తిప్పింది. యామిని పెదవులు తెలియకుండానే పాటతో పాటు కదిలాయి.

"ఇక్కడ" అంది యామిని. "ఇక్కడే ఉంచండక్కా. 'నిదురపో' అనేముందు ఊపిరి తీసుకుంటాను చూడండి, అది వచ్చింది. నా ఊపిరేనండి అది. ఇన్నాళ్ళూ అది మంటలా వచ్చేది."

సృజన ఆ చోటును మళ్ళీ వేసింది. యామిని ముఖం అక్కడికి రాగానే మళ్ళీ వెలిగింది. మళ్ళీ వేసింది. అదే చోట, అదే వెలుగు. అక్కడ సృజనకు వీణ తీగ ఒకటి ఆగి, చిన్న ఖాళీ వచ్చి, పాట మొదలవుతుంది. ఆ ఖాళీలో ఏముందో ఆమెకు వినపడలేదు. నాబ్ మీద నుంచి చెయ్యి తీసేసింది.

"ఓకేనా?"

"ఓకే అక్కా."

ఎరిక్ గారు స్టూలు మీద నుంచి లేచి, సృజన తల మీద ఒకసారి చెయ్యి వేసి, చాయ్ చెప్పడానికి కిందికి పోయారు. యామిని కూడా మెట్రోకు టైమైందని సంచి తీసుకుంది. గడప దాటి, వెనక్కి తిరిగి, వచ్చే వారం కూడా రమ్మంటే వస్తానంది. వచ్చే వారానికి పాటలు ఉంటాయో ఉండవో తెలియదు కానీ, సృజన సరేనని తల ఊపింది.

పాట రఘునాథ్ గారికి పంపింది. తర్వాత తలుపు వేసి, స్పీకర్లలో మొదటి నుంచి పెట్టుకుంది. తన చెవికి తగినట్టు నాబ్ తిప్పుకుని వినొచ్చు, ఎవరూ లేరు. తిప్పలేదు. వీణ దగ్గరగా, స్పష్టంగా వచ్చింది. యామిని గొంతు మాత్రం మూసిన తలుపు అవతల ఎవరో ఎవరి బిడ్డకో జోల పాడుతున్నట్టు, దూరంగా, మసకగా వచ్చింది. సృజన కుర్చీని కొంచెం ముందుకు జరుపుకుని చివరిదాకా విన్నది.